విమానవాహక నౌకకు తగిన విమానం, తగిన పైలట్: రెండూ ఎందుకంత ఆలస్యం

2025 ఏప్రిల్ 28న భారత్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు 26 రఫేల్ విమానాల కొనుగోలు ఒప్పందం కుదుర్చుకున్నాయి. దాని విలువ దాదాపు 63,000 కోట్ల రూపాయలు. వాటిలో 22 ఒక సీటు రఫేల్-ఎం విమానాలు, మన విమానవాహక నౌకల మీద పనిచేసేవి అవే. తక్కిన నాలుగు రెండు సీట్ల శిక్షణ విమానాలు. అవి నేల మీది రన్‌వేల నుంచి ఎగరగలవు గానీ నౌక మీద దిగలేవు. నౌకాదళం నౌక మీద దిగలేని విమానాలను ఎందుకు కొన్నట్టు అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. రఫేల్‌లో నౌక మీద దిగగలిగే రెండు సీట్ల రకం అసలు లేదు, దాన్ని తయారుచేసుకున్న ఫ్రెంచి నౌకాదళానికి కూడా లేదు. అంటే రఫేల్-ఎం నడపబోయే మన పైలట్ ఆ విమానాన్ని నౌక మీద మొదటిసారి దించే రోజున, వెనక సీట్లో గురువు లేకుండా, ఒంటరిగానే దించాలి.

ఈ ఒక్క విషయాన్ని అర్థం చేసుకోవాలంటే నౌక మీద దిగడం అంటే ఏమిటో, అందుకు విమానాన్ని ఎలా మార్చాలో, పైలట్‌ను ఎంతకాలం తీర్చిదిద్దాలో మొదటి నుంచీ చూడాలి. నౌక, విమానం, పైలట్ అనేవి విడివిడిగా సంపాదించి ఒకచోట చేర్చుకోగల మూడు వస్తువులని మన చర్చల్లో తరచూ అనుకుంటాం. అది నిజం కాదని నా అభిప్రాయం. అవి మూడూ కలిసి పెరగవలసినవి, మధ్యలో అభ్యాసం ఒకసారి తెగితే మళ్లీ అతికించుకోవడానికి ఒక తరం పడుతుంది. మన నౌకాదళం ఆ అనుభవాన్ని ఇప్పటికే ఒకసారి చవిచూసింది.

దిగడం

నేల మీద దిగే యుద్ధ విమానం ముందు రెండు మూడు కిలోమీటర్ల రన్‌వే ఉంటుంది. పైలట్ చివరి క్షణాల్లో ముక్కును కొద్దిగా పైకెత్తి, కిందికి జారే వేగాన్ని దాదాపు చంపేసి, చక్రాలను మెల్లగా ఆనిస్తాడు. నౌక మీద అలా కుదరదు. ముక్కెత్తి మెల్లగా దిగుదామనుకుంటే విమానం ఎక్కడ ఆనుతుందో కచ్చితంగా చెప్పలేం. డెక్ మీద అడ్డంగా బిగించిన మూడు ఉక్కు తీగల్లో ఒకదాన్ని తోక కింది కొక్కెం అందుకోవాలంటే, కొన్ని మీటర్ల అటూ ఇటూలో చక్రాలు ఆనాలి. కాబట్టి పైలట్ సుమారు మూడున్నర డిగ్రీల వాలులో వచ్చి, ఆ వాలును ఏమాత్రం మార్చకుండా, విమానాన్ని నేరుగా డెక్‌కు కొట్టించాల్సిందే.

అంకెల్లో చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. విమానం గాలిలో గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వస్తోందనీ, నౌక అదే దిశలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో సాగుతోందనీ అనుకుందాం. డెక్‌కు సంబంధించినంత వరకు విమానం వేగం గంటకు 200 కిలోమీటర్లు. తీగ అందుకున్నాక అది దాదాపు 90 మీటర్లలో నిలిచిపోవాలి. అంటే మూడు సెకన్లకు కాస్త పైన సమయం. ఆ లాగుడు బలం సగటున భూమ్యాకర్షణకు ఒకటిముప్పావు రెట్లు ఉంటుంది. అదంతా ఒక్క కొక్కెం గుండా విమానం నడుముకు చేరుతుంది కనుక, కొక్కెం తగిలించిన చోటు నుంచి ముక్కు దాకా లోపలి చట్రాన్ని బలపరచాలి.

చక్రాల సంగతి ఇంకా కఠినం. నేల మీద దిగే విమానాల ల్యాండింగ్ గేర్‌ను సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో కిందికి తాకినా తట్టుకునేలా తయారుచేస్తారు. నౌకా విమానానికి, అల మీద డెక్ పైకి లేచి ఎదురొచ్చే అవకాశాన్ని కూడా కలుపుకుంటే, ఆ సంఖ్య 7 మీటర్లు దాటుతుంది. తాకిడి శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆ కాళ్లు తట్టుకోవలసిన శక్తి ఐదు రెట్లకు పైమాటే. ఇలా బలపరచిన ప్రతి భాగమూ బరువును పెంచుతుంది, బరువు పెరిగితే దిగే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే మళ్లీ చట్రం మీద భారం పెరుగుతుంది. ఈ వలయంలో చిక్కుకోకుండా బయటపడటమే నౌకా విమాన రూపశిల్పుల అసలు పని.

ఇంకో చిక్కు కూడా ఉంది. వాడని క్షిపణులతో, మిగిలిన ఇంధనంతో విమానం తిరిగి రావచ్చు. నేల మీదైతే ఆ బరువుతోనే దిగవచ్చు. నౌక మీద దిగడానికి బరువుకు ఒక పరిమితి ఉంది, అందుకే గాల్లోనే ఇంధనాన్ని వేగంగా వదిలేసే ఏర్పాటు ఉండాలి. కోట్ల రూపాయల క్షిపణిని సముద్రంలో పడేసి రావలసిన విమానాన్ని ఏ నౌకాదళమూ కోరుకోదు. కాబట్టి ఎంత బరువుతో తిరిగి దిగగలదు అన్న ప్రశ్న, ఎంత బరువుతో లేవగలదు అన్న ప్రశ్నతో సమానమైనదే.

లేవడం

అమెరికా, ఫ్రాన్స్ నౌకల మీద విమానాన్ని క్యాటపల్ట్ విసురుతుంది. ఆవిరితో గానీ విద్యుదయస్కాంత శక్తితో గానీ నడిచే ఆ యంత్రం వంద మీటర్లకు లోపే, రెండు మూడు సెకన్లలో, విమానానికి ఎగిరేందుకు చాలినంత వేగాన్నిస్తుంది. మన ఐఎన్‌ఎస్ విక్రమాదిత్య, ఐఎన్‌ఎస్ విక్రాంత్ రెండింటికీ క్యాటపల్ట్ లేదు. వాటి ముందు భాగం పైకి వంగి ఉంటుంది. విక్రాంత్‌కు ఆ వంపు 14 డిగ్రీలు. విమానం తన ఇంజిన్ల బలంతోనే పరుగెత్తి ఆ వంపు మీదుగా గాల్లోకి లేస్తుంది. దీన్నే స్కీ జంప్ అంటారు.

చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, స్కీ జంప్ అంచు దాటే సమయానికి విమానానికి పూర్తిగా ఎగిరే వేగం ఉండదు. వంపు దాన్ని పైకి విసురుతుంది, విసిరిన రాయిలా అది కాసేపు పైకి పోతుంది, ఆ కొద్ది సెకన్ల వ్యవధిలో ఇంజిన్లు దాని వేగాన్ని పెంచి రెక్కలకు ఊపిరి పోస్తాయి. ఆ వ్యవధిలో ఇంజిన్ తడబడితే కింద ఉన్నది సముద్రమే. అందువల్ల స్కీ జంప్ నౌకలకు ఇంజిన్ బలానికీ విమానం బరువుకూ మధ్య నిష్పత్తి ప్రాణప్రదం. క్యాటపల్ట్ ఉన్న నౌక బరువైన విమానాన్ని కూడా విసిరేయగలదు, స్కీ జంప్ నౌక మీద అదే విమానం ఇంధనాన్నో ఆయుధాలనో తగ్గించుకుని లేవాలి. ఎదురుగాలి బాగా వీయాలి, నౌక ఆ గాలికి ఎదురుగా వేగంగా సాగాలి. ఉక్కపోతతో నిండిన మన సముద్రాల్లో ఇంజిన్ల బలం కొంత తగ్గుతుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తేజస్ నౌకా రూపం

ఈ నేపథ్యంలో తేజస్ నౌకా రూపం కథ చూడాలి. వైమానిక దళం కోసం రూపొందిన తేజస్ 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది. 2003లో నౌకా రూపానికి అనుమతి లభించింది. ఎన్‌పీ-1 అనే రెండు సీట్ల నమూనా 2010 జులైలో బయటికి వచ్చినా 2012 ఏప్రిల్ 27 వరకు ఎగరలేదు. ఒక సీటు ఎన్‌పీ-2 నమూనా 2015 ఫిబ్రవరిలో ఎగిరింది.

పైకి చూస్తే రెండూ ఒకే విమానంలా కనిపిస్తాయి. నిజానికి తేడాలు చాలా లోతైనవి. తేజస్‌కు త్రిభుజాకారపు డెల్టా రెక్క ఉంది. అలాంటి రెక్క తక్కువ వేగంలో చాలినంత బలాన్నివ్వాలంటే ముక్కును బాగా పైకెత్తి రావాలి. ముక్కెత్తితే పైలట్‌కు ముందున్న డెక్ కనిపించదు. అందుకని నౌకా రూపంలో ముక్కును కిందికి వంచారు. రెక్క ముందుభాగం, విమాన శరీరాన్ని కలిసే చోట, లెవ్‌కాన్ అనే కదిలే పలకలను చేర్చారు. దిగే వేళ అవి రెక్క మీద గాలి సుడులను అదుపులో పెట్టి, తక్కువ వేగంలో కూడా విమానం నిలకడగా ఉండేలా చేస్తాయి. ల్యాండింగ్ గేర్ మొదట అవసరానికి మించిన బరువుతో తయారైంది. ఇది ఎవరి అసమర్థతో కాదు. మన దేశంలో అంతకుముందు ఎవరూ చేయని పని గనుక, ఎంత బలం చాలునో తెలియనప్పుడు ఇంజినీరు జాగ్రత్త వైపే మొగ్గుతాడు.

వీటన్నిటి పరీక్షకు నేరుగా నౌక మీదికి వెళ్లడం సాధ్యం కాదు. గోవాలోని ఐఎన్‌ఎస్ హంస స్థావరంలో నేల మీదే స్కీ జంప్‌నూ, ఆపే తీగలనూ నిర్మించారు. సముద్రం లేకుండా మిగతాదంతా నౌక డెక్‌లా ఉండే స్థలం అది. 2014 డిసెంబర్ 20న కమొడోర్ జయదీప్ మావలంకర్ ఎన్‌పీ-1ను అక్కడి స్కీ జంప్ నుంచి ఎగిరించారు. తీగతో ఆపి దించడం అదే స్థలంలో 2019 సెప్టెంబర్ 13న సాధ్యమైంది. ఎగరడానికీ దిగడానికీ మధ్య దాదాపు ఐదేళ్లు పట్టిందంటేనే ఏది కష్టమో తెలుస్తోంది. ఆ తర్వాత నాలుగు నెలలకే, 2020 జనవరి 11న, మావలంకర్ ఎన్‌పీ-2ను విక్రమాదిత్య డెక్ మీద దించారు. మరుసటి రోజు అక్కడి నుంచే గాల్లోకి లేచారు. 2023 ఫిబ్రవరి 6న సొంత నౌక విక్రాంత్ మీద సొంత విమానం దిగింది.

అయినా ఇది నౌకాదళ సేవలోకి రాలేదు, రాదు కూడా. 2016 డిసెంబర్‌లో నాటి నౌకాదళ ప్రధానాధికారి అడ్మిరల్ సునీల్ లాంబా, తమకు అవసరమైన ఇంధనం, ఆయుధాల బరువుతో ఈ విమానం నౌక నుంచి లేవలేదని బహిరంగంగానే చెప్పారు. దానికున్న ఒకే ఒక్క ఎఫ్-404 ఇంజిన్ ఇంధనాన్ని అదనంగా మండించినా సుమారు 85 కిలోన్యూటన్ల బలాన్నే ఇస్తుంది. నౌకా రూపానికి చేరిన బరువును మోసి, స్కీ జంప్ మీదుగా యుద్ధ సామగ్రితో లేవడానికి అది చాలదు. లాంబా మాట చాలామందికి ఆ ప్రాజెక్టు వైఫల్యంగా వినిపించింది. నాకు అలా అనిపించదు. నేల కోసం పుట్టిన విమానాన్ని నౌక మీదికి తేవడం ఎప్పుడూ ఇలాగే ముగుస్తుంది. అమెరికా 1960లలో వైమానిక, నౌకా దళాలు రెండింటికీ ఒకే విమానం అంటూ ఎఫ్-111ను మొదలుపెట్టింది. దాని నౌకా రూపం బరువెక్కిపోయి 1968లో రద్దయింది. అదే కాలంలో నౌకాదళం కోసం పుట్టిన ఎఫ్-4 ఫాంటమ్ మాత్రం వైమానిక దళంలో కూడా చక్కగా ఇమిడిపోయింది. బలంగా కట్టిన విమానాన్ని నేల మీద వాడుకోవచ్చు, తేలికగా కట్టినదాన్ని తర్వాత బలపరచడం మాత్రం దాదాపు కొత్తగా కట్టడమే. ఫ్రాన్స్ రఫేల్‌ను మొదటి నుంచే నౌకను దృష్టిలో పెట్టుకుని రూపొందించడంలోని తెలివి అదే. 1991లో రఫేల్-ఎం తొలిసారి ఎగిరాక కూడా, నేల మీద సరైన క్యాటపల్ట్ పరీక్షా స్థలం లేక ఫ్రాన్స్ దాన్ని అమెరికాకు తీసుకెళ్లి పరీక్షించవలసి వచ్చింది.

తేజస్ నౌకా రూపం అసలు ఫలం దాని లెక్కల్లో ఉంది. మన చేతి రాతతో రాసుకున్న నియంత్రణ సాఫ్ట్‌వేర్, మన డెక్ మీద కొలుచుకున్న తాకిడి, కొక్కెం మీద పడిన లాగుడు, లెవ్‌కాన్ ప్రవర్తన. వీటిని ఏ దేశమూ అమ్మదు. బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఇప్పుడు రూపొందిస్తున్న రెండు ఇంజిన్ల నౌకా యుద్ధ విమానం ఆ లెక్కల మీదే నిలుస్తుంది. ఒక్కొక్కటి 98 కిలోన్యూటన్ల బలమున్న రెండు ఎఫ్-414 ఇంజిన్లు, మడిచే రెక్కలు, మొదటి గీత నుంచే నౌకకు తగిన చట్రం దాని ప్రత్యేకతలు. దాని నమూనా ఇంకా ఎగరలేదు. ఆలస్యం పెరిగిన కొద్దీ ప్రమాదం డబ్బుది కాదు, మనుషులది. ఎన్‌పీ విమానాల మీద పనిచేసిన ఇంజినీర్లు, పరీక్షా పైలట్లు పదవీ విరమణ చేసేలోగా కొత్త బృందం వారి పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

నౌక విషయంలో మనం ఈ పాఠాన్ని సరిగానే నేర్చుకున్నాం. విక్రాంత్‌కు కావలసిన ప్రత్యేక ఉక్కు బయటి నుంచి దొరకనప్పుడు, హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్-249 రకం ఉక్కును రూపొందించింది, స్టీల్ అథారిటీ కర్మాగారాల్లో దాన్ని పోతపోశారు. కొచ్చి షిప్‌యార్డ్‌లో 262 మీటర్ల పొడవున కట్టిన ఆ నౌక 2022 సెప్టెంబర్ 2న నౌకాదళంలో చేరింది. దాని డెక్ మీద ఇప్పటికీ ఎగురుతున్నవి మాత్రం రష్యా మిగ్-29కెలు. వాటి గురించి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2016 నివేదికలో చెప్పిన మాటలు మరువదగినవి కావు. 2010 నుంచి వచ్చిన 65 ఇంజిన్లలో 40ని లోపాల వల్ల పక్కన పెట్టవలసి వచ్చిందనీ, ఒక సీటు విమానాల్లో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 16 నుంచి 38 శాతం లోపేననీ ఆ నివేదిక లెక్కగట్టింది. విమానాలు హ్యాంగర్‌లో ఉంటే పైలట్లకు డెక్ మీద అభ్యాసం ఎక్కడిది? అందువల్ల విమానం నాణ్యత అంతిమంగా పైలట్ నాణ్యతగా మారుతుంది.

పైలట్

మన నౌకాదళ యుద్ధ పైలట్ దారి కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీ నుంచి మొదలవుతుంది. తొలి ఎగురు పాఠాలు వైమానిక దళంతో కలిసే నేర్చుకోవాలి. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ అకాడమీలో పిలాటస్ విమానాల మీద అక్షరాభ్యాసం జరుగుతుంది. కిరణ్ విమానాల మీద జెట్ శిక్షణకు చాలాకాలంగా హకీంపేట స్థావరం పేరుపడింది. నౌకాదళం సొంత హాక్ శిక్షణ జెట్‌లు 2013 నవంబర్ 6న విశాఖపట్నంలోని ఐఎన్‌ఎస్ డేగలో ప్రవేశించాయి. 2025 జులై 3న అదే డేగలో సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా, నౌకాదళ యుద్ధ విమానాల విభాగంలోకి వచ్చిన తొలి మహిళగా రెక్కల చిహ్నాన్ని అందుకున్నారు. అంటే ఈ పైలట్ల శిక్షణలో ఎంతో భాగం తెలుగు నేల మీదే జరుగుతోంది. మన పత్రికల్లో దీనికి దక్కిన చోటు మాత్రం తక్కువే.

ఇంతవరకు నేర్చినదంతా నేల మీది విద్య. అసలు మార్పు ఆ తర్వాత వస్తుంది. నేల మీద పైలట్ ఎత్తును చేతిలోని నియంత్రణ కర్రతో, వేగాన్ని ఇంజిన్‌తో సరిచేసుకోవడం అలవాటు చేసుకుంటాడు. నౌక మీదికి దిగే విమానం అతి తక్కువ వేగంలో, ముక్కెత్తి వస్తుంది. ఆ స్థితిలో వేగం తగ్గిన కొద్దీ గాలి నిరోధం పెరుగుతుంది, కర్రను వెనక్కి లాగితే విమానం పైకి పోవడానికి బదులు మరింత కుంగుతుంది. అందువల్ల ఎత్తును ఇంజిన్‌తో పట్టుకోవాలి, ముక్కు కోణాన్ని కర్రతో కదలకుండా ఉంచాలి. ఏళ్ల తరబడి చేతికి అలవడిన దాన్ని మరచి, తలకిందులైన పద్ధతిని చేతికి నేర్పాలి.

చివరి 15 నుంచి 18 సెకన్లను దగ్గరగా చూద్దాం. పైలట్ చూపు మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది. నౌక ఎడమ పక్కనున్న దీపాల వ్యవస్థ తాను వాలుకు పైన ఉన్నాడో, కింద ఉన్నాడో చెబుతుంది. డెక్ మధ్య గీత తాను వరుసలో ఉన్నాడో లేదో చూపుతుంది. విమానంలోని సూచిక ముక్కు కోణం చెబుతుంది. ఈ మూడింట్లో ఒకటి సరిచేస్తే మిగతా రెండూ కదులుతాయి. దిగే దారి నౌక నడిచే దిశకు ఏటవాలుగా ఉంటుంది కనుక, గీత కూడా నిరంతరం కుడివైపు జరిగిపోతూ ఉంటుంది. చక్రాలు డెక్‌ను తాకిన క్షణంలో పైలట్ ఇంజిన్‌ను తగ్గించడు, పూర్తి బలానికి తోస్తాడు. కొక్కెం తీగను పట్టుకోకపోతే, ఏటవాలు డెక్ చివర నుంచి మళ్లీ గాల్లోకి లేచే బలం చేతిలో ఉండాలి. ఈ ఏటవాలు డెక్, దీపాల దారి రెండూ 1950ల తొలినాళ్లలో బ్రిటిష్ నౌకాదళ అధికారుల ఆలోచనలే. అవి రాకముందు తీగ తప్పిన విమానం ముందు నిలిపి ఉంచిన విమానాల మీదికి దూసుకెళ్లేది.

వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా వైద్యులు నౌకా పైలట్ల గుండె వేగాన్ని నమోదు చేశారు. శత్రువు మీద బాంబులు వేసేటప్పటికన్నా నౌక నుంచి లేచేటప్పుడు, నౌక మీద దిగేటప్పుడు వారి గుండె ఎక్కువ వేగంగా కొట్టుకుందని తేలింది. రాత్రివేళ ఈ కష్టం ఎన్నో రెట్లు. మన మిగ్-29కె తొలిసారి రాత్రిపూట విక్రాంత్ మీద దిగింది 2023 మే 24న, అంటే నౌక సేవలో చేరిన దాదాపు తొమ్మిది నెలలకు. ఆ తొమ్మిది నెలలను ఆలస్యం అనడం తప్పు. ప్రతి నౌకకూ దాని వెనక గాలి సుడులు వేరు, అలల మీద దాని ఊగుడు వేరు, కాబట్టి ప్రతి డెక్‌నూ కొత్తగా నేర్చుకోవాలి.

డెక్ పక్కన నిలబడి ప్రతి దిగుడునూ చూసే అధికారి ఒకరుంటారు. ల్యాండింగ్ సిగ్నల్స్ ఆఫీసర్ అంటారు. ఆయన కూడా డెక్ మీద దిగి దిగి ఆరితేరిన పైలటే. వచ్చే విమానం ఇంజిన్ శబ్దం వింటూ, దాని వాలు చూస్తూ, రేడియోలో రెండు మాటల్లో సరిదిద్దుతారు, నమ్మకం కుదరకపోతే మళ్లీ చుట్టు తిరిగి రమ్మని పంపేస్తారు. దిగిన ప్రతి పైలట్‌కూ మార్కులు వేసి, అందరి ముందూ తప్పులు చెబుతారు. ఈ అధికారిని కొనుక్కోలేం. డెక్ మీద నిరంతరం విమానాలు దిగుతూ ఉంటేనే, ఒక తరం పైలట్ల నుంచి తర్వాతి తరానికి ఈ విద్య అందుతుంది.

ఈ విద్య మనకు ఒకసారి తెగిపోయింది. 1961లో నౌకాదళంలో చేరిన తొలి విక్రాంత్‌కు ఆవిరి క్యాటపల్ట్, ఆపే తీగలు ఉండేవి. దాని సీ హాక్ యుద్ధ విమానాలు 1971 డిసెంబర్‌లో చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడులు చేశాయి. దాన్ని వేటాడుతూ వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలోనే మునిగిపోయింది. 1983లో సీ హారియర్‌లు వచ్చాయి. అవి నిటారుగా దిగే విమానాలు గనుక తీగలూ కొక్కేలూ అక్కరలేకపోయాయి. 1980ల చివరికి మన డెక్‌ల మీద తీగతో ఆపి దించే పని పూర్తిగా ఆగిపోయింది. విక్రమాదిత్య 2013 నవంబర్‌లో నౌకాదళంలో చేరి, మరుసటి ఏడాది మన పైలట్లు మిగ్-29కెలను దాని మీద దించే వరకు పాతికేళ్లకు పైగా ఆ అభ్యాసమే లేదు. అప్పట్లో తీగ మీద దిగిన వాళ్లు అప్పటికి విశ్రాంత జీవితంలో ఉన్నారు. అందుకే 2000ల మధ్య నుంచి మన యువ పైలట్లను అమెరికాకు పంపి, అక్కడి నౌకాదళ టి-45 శిక్షణ జెట్‌ల మీద డెక్ విద్య నేర్పించవలసి వచ్చింది. ఫ్రెంచి నౌకాదళం కూడా తన యుద్ధ పైలట్లను అదే అమెరికా శిక్షణకు పంపుతుంది. అందులో చిన్నతనమేమీ లేదు. అయితే ఆ తలుపు ఎల్లప్పుడూ తెరిచే ఉంటుందని లెక్కలు వేసుకోకూడదు.

ఇప్పుడు మన శిక్షణ గొలుసులో ఎక్కడ లోటుందో స్పష్టంగా కనిపిస్తుంది. డేగలోని హాక్‌కు కొక్కెం లేదు, అది నౌక మీద దిగదు. మిగ్ రెండు సీట్ల రకం నౌక మీద దిగగలదు కాబట్టి ఇన్నాళ్లూ గురువు వెనక కూర్చునే వీలుంది. రఫేల్‌లతో ఆ వీలు పోతుంది. అమెరికా ఈ సమస్యను ఇంకో దారిలో తేలిక చేసుకుంటోంది. వారి సూపర్ హార్నెట్‌లలో ఉన్న కొత్త సాఫ్ట్‌వేర్, ఇంజిన్‌నూ రెక్క పలకలనూ తానే సమన్వయపరచి, పైలట్ నేరుగా దిగే వాలునే ఎంచుకునేలా చేసింది. సరిదిద్దుకోవలసిన సందర్భాలు బాగా తగ్గాయి. దాని ధైర్యంతో వారు శిక్షణ జెట్‌ను నౌక మీద దించే పరీక్షనే విద్యార్థుల మార్గం నుంచి తప్పిస్తున్నారు. కానీ ఆ దేశానికి పదికి పైగా విమానవాహక నౌకలున్నాయి, డెక్ పక్కన నిలబడే అనుభవజ్ఞులకు కొదవ లేదు. రెండు నౌకలున్న మనం, అందులోనూ ఒకటి మరమ్మతుల్లో ఉంటే ఒక్కదానితో సరిపెట్టుకునే మనం, అదే తెగువను అరువు తెచ్చుకోవడం తొందరపాటు.

నా దృష్టిలో, పక్కన పెట్టేసిన తేజస్ నౌకా రూపానికి ఇక్కడే ఒక పని మిగిలి ఉంది. దాన్ని తిరస్కరించడానికి కారణం యుద్ధ సామగ్రి బరువుతో లేవలేకపోవడం. శిక్షణ విమానానికి ఆ బరువే అక్కరలేదు. ఎన్‌పీ-1 మొదటి నుంచీ రెండు సీట్లదే. దాని కాళ్లు, కొక్కెం, లెవ్‌కాన్, సాఫ్ట్‌వేర్ మన డెక్‌ల కోసమే రూపొందాయి. తక్కువ ఇంధనంతో గోవా తీర స్థలం మీద పదే పదే, ఆ తర్వాత విక్రాంత్ మీద, వెనక సీట్లో గురువుతో తొలి దిగుళ్లు నేర్పే కొన్ని విమానాలను కట్టడానికి కొత్త పరిశోధన పెద్దగా అవసరం ఉండదు. అందుకు ఖర్చవుతుంది, చిన్న సంఖ్యలో కట్టే విమానం ఒక్కొక్కటీ ఖరీదే అవుతుంది, వాటికి విడిభాగాల గొలుసు వేరుగా నడపాలి. ఈ అభ్యంతరాలు నిజమైనవే. ఐతే రఫేల్-ఎం విమానాలన్నీ 2030 నాటికి చేరుకుంటాయి, సొంత రెండు ఇంజిన్ల విమానం ఆ తర్వాతే వస్తుంది. ఈ మధ్యకాలంలో ఎన్‌పీ బృందానికి పని ఉంటే, రూపకల్పన చేసే చేతులూ డెక్ మీద దింపే చేతులూ రెండూ ఖాళీగా ఉండవు. ఏటా కొద్దిమంది పైలట్లైనా తమ మొదటి తీగను ఈ విమానంలోనే పట్టుకుంటే, వారిలో నుంచే రేపటి ల్యాండింగ్ సిగ్నల్స్ ఆఫీసర్లు, కొత్త విమానానికి పరీక్షా పైలట్లు తయారవుతారు.